బల్బుల ఆంప్లీ కాలం: గోదావరి జిల్లాల్లో మైకుసెట్టు కథ

గోదావరి డెల్టా కాలవలు ఆగిన చోట మెట్ట మొదలవుతుంది. ఆ మెట్టకు పెద్ద బజారు జంగారెడ్డిగూడెం. చుట్టూ పొగాకు తోటలు, ఆయిల్‌పామ్ తోటలు. ఆ పైన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు మన్యం. 2022 ఏప్రిల్ 4న కొత్తగా గీసిన ఏలూరు జిల్లాలో చేరేదాకా ఇది పశ్చిమగోదావరి ఊరే. పెళ్ళి కుదిరినా, తీర్థం వచ్చినా, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు సరుకుకు ఇలాంటి బజారుకే దిగేవారు. బట్టలు, బంగారం, వంటపాత్రలు, షామియానా అన్నీ కుదుర్చుకున్నాక చివర్న ఒక మాట ఉండేది: మైకుసెట్టు మాట్లాడారా?

ఆ మైకుసెట్టుకు ప్రాణం ఒక బరువైన ఇనుప పెట్టె. జనం దాన్ని ఆంప్లీ అనేవారు. స్విచ్చు వేస్తే లోపల గాజు బల్బులు, అంటే వాల్వులు, నెమ్మదిగా ఎర్రబడేవి. అవి వేడెక్కాకే హారన్లో ‘హలో, మైక్ టెస్టింగ్’ వినబడేది.

ఇవాళ అమెరికాలో, ఇంగ్లండులో, జపాన్‌లో 1950, 60ల నాటి వాల్వు గిటారు ఆంప్లిఫైయరు కోసం సంగీతకారులు లక్షల రూపాయలు పోస్తున్నారు. ఏ సంవత్సరపుది, ఏ సర్క్యూటు, ట్రాన్స్‌ఫార్మరు అసలుదా మార్చినదా అని గంటల తరబడి పరీక్షించి కొంటున్నారు. ఆ పెట్టెల్లో ఉన్న సామాన్లే మన మైకుసెట్టులోనూ ఉండేవి. అక్కడ ఆ పెట్టె వాయిద్యం అయింది. ఇక్కడ ఊరికి గొంతు అయింది. అయితే అక్కడ దాన్ని దాచుకున్నారు, ఇక్కడ కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు వేశారు.

గొంతే మైకు అయిన రోజులు

మైకు రాకముందు గోదావరి జిల్లాల్లో రాత్రి వేడుకంటే పద్యనాటకమే. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఈ నేలమీద ఊరూరా ఆడాయి. ఆ జంటకవుల్లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిది కడియం, దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గర యండగండి. రాత్రి భోజనాలయ్యాక మొదలైన నాటకం తెల్లవారేదాకా సాగేది. వేలమంది కూర్చున్న మైదానంలో చివరి వరస వరకూ పద్యం వినబడాలంటే నటుడి గొంతు తారస్థాయిలో ఉండాల్సిందే. హార్మోనియం శ్రుతి పైకి ఉండేది, రాగం సాగేది, చివర్న ‘వన్స్‌మోర్’ పడేది. గొంతు లేని నటుడికి ఎంత అభినయం వచ్చినా కృష్ణుడి వేషం దక్కేది కాదు.

మైకు ఈ లెక్కను మార్చింది. రంగస్థలం మీద మైకు నిలబెట్టాక నటులు పద్యం ఎత్తుకునే ముందు దాని దగ్గరకు నడిచి రావడం మొదలైంది. అలిగిన ధర్మరాజైనా, గద ఎత్తిన భీముడైనా మైకు ముందుకు రావాల్సిందే. నాటకం చూడటంలో ఇది కొంత నష్టం. వినడంలో మాత్రం గొప్ప లాభం. సన్నని గమకం, చిన్న విరుపు, మాటల మధ్య నిట్టూర్పు కూడా చివరి వరసకు చేరాయి. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి నటగాయకుల పద్యం పల్లెపల్లెకూ అంత స్పష్టంగా వెళ్ళడంలో వారి గొంతు ఎంతో, ఈ పెట్టె కూడా అంత.

గాజు బల్బు చేసిన పని

1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును తయారుచేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడోది చేర్చాడు. ఆ మూడో తీగ పేరు గ్రిడ్. చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును అదుపు చేసే తాళం అక్కడే దొరికింది. గాలి తీసేసిన గాజు గొట్టంలో కేథోడు వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది, వందల వోల్టులున్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. మధ్యలో ఉన్న గ్రిడ్ కాలవ తూముకు బిగించిన షట్టరు చేసే పని చేస్తుంది. మైకు నుంచి వచ్చే అణువంత సంకేతం గ్రిడ్‌ను కదిపితే, ప్లేటు వైపు పెద్ద ప్రవాహం అదే తీరులో హెచ్చుతగ్గులవుతుంది.

మైకుసెట్టులో మొదట చిన్న వాల్వులు సంకేతాన్ని పెంచేవి. చివర్న రెండు పవర్ వాల్వులు జంటగా, ఒకటి తోస్తుంటే మరొకటి లాగుతూ పనిచేసేవి. వాటి వెనక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. వాల్వు ఇచ్చేది ఎక్కువ వోల్టు, తక్కువ కరెంటు. స్పీకరుకు కావలసింది దానికి తిరగబడి ఉంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేది ఈ ట్రాన్స్‌ఫార్మరే. పాత పెట్టె బరువులో చాలా భాగం దీనిదీ, పవర్ ట్రాన్స్‌ఫార్మరుదీ. పెట్టె విలువలోనూ అంతే.

1936లో అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ 6ఎల్6 అనే పవర్ వాల్వు తెచ్చింది. ఆ తర్వాత దాని బంధువు 807 వచ్చింది. నెత్తిన లోహపు క్యాపు ఉన్న పొడుగాటి గాజు వాల్వు అది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యాల వైర్‌లెస్ సెట్లకు 807లు కుప్పలుగా తయారయ్యాయి. యుద్ధం అయ్యాక మిగులు సరుకుగా బజార్లకు దిగాయి. చవగ్గా దొరికే ఆ వాల్వు దేశదేశాల్లో సభల ఆంప్లిఫైయర్లలోకి ఎక్కింది. మన దక్షిణాదికి రేడియో సామాన్ల పెద్ద బజారు మద్రాసు రిచీ వీధి.

దేశంలోనే తయారీ కూడా ఊపందుకుంది. ఢిల్లీలో 1940లో మొదలైన అహూజా రేడియోస్ పేరు పల్లెల్లో మైకుసెట్టుకు మారుపేరైపోయింది. 1954లో బెంగళూరులో పుట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. అప్పటిదాకా ఫిలిప్స్, మల్లార్డ్ పేర్లతో ఓడలో వచ్చిన వాల్వుకు బదులు బీఈఎల్ ముద్రవేసిన వాల్వు మెకానిక్ చేతికి వచ్చింది. ఈ బీఈఎల్ వాల్వులను ఇవాళ విదేశాల్లో గిటారు వాయించేవాళ్ళు వెతికి కొంటున్నారు. చిన్న సంకేతాన్ని పెంచే ఈసీసీ83, పవర్ ఇచ్చే ఈఎల్84 రకాలకు ముఖ్యంగా గిరాకీ.

కరెంటు లేని ఊళ్ళో మైకు

మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడింది 1959లో. అప్పటికీ పల్లెల్లో ఎక్కువ భాగానికి, మన్యానికి పూర్తిగా, కరెంటు తీగ చేరలేదు. అయినా అక్కడ పెళ్ళిళ్ళు జరిగాయి, మైకు మోగింది. దాని వెనక చిన్న ఉపాయం ఉంది. పాత ఆంప్లీల్లో చాలావాటికి రెండు దారులు ఉండేవి: ఒకటి 230 వోల్టుల కరెంటు, రెండోది కారు బ్యాటరీ. వాల్వుకు వందల వోల్టులు కావాలి, బ్యాటరీ ఇచ్చేది 6 లేదా 12. బ్యాటరీ ఇచ్చే నేరు (డీసీ) కరెంటును ట్రాన్స్‌ఫార్మరు పెంచలేదు. అందుకని మధ్యలో వైబ్రేటరు అనే చిన్న డబ్బా పెట్టేవారు. అందులోని లోహపు నాలిక సెకనుకు నూరు దఫాల చొప్పున కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును తెగ్గొట్టి కలిపేది. అలా తెగి కలిసే కరెంటును ట్రాన్స్‌ఫార్మరు పైకెత్తేది. ఆంప్లీ దగ్గర కూర్చున్నవాళ్ళకు పాటతోపాటు ఆ వైబ్రేటరు జుయ్యిమనే మోత కూడా వినబడేది. రాత్రికి బ్యాటరీ దిగిపోతే పాట కూడా దిగిపోయేది. బ్యాటరీని మళ్ళీ కరెంటున్న ఊరికి మోసుకెళ్ళి ఛార్జి చేయించాలి.

మైకుసెట్టు బండి దిగిందంటే పిల్లలంతా చుట్టూ మూగేవారు. రేకు హారన్లను కొబ్బరిచెట్టుకో, తాటిచెట్టుకో, గుడి ధ్వజస్తంభం పక్కన పాతిన వెదురుకో కట్టేవారు. హారను మూతి ఏ వీధివైపు తిప్పాలన్నది పెద్ద పంచాయితీ. 30 వాట్ల పెట్టె ఊరంతటికీ ఎలా చాలిందన్నది ఇప్పటి కుర్రవాళ్ళకు వింత. దానికి కారణం హారను నిర్మాణమే. వెనక బిగించిన యూనిట్ చేసే కంపనాన్ని సన్నటి గొంతు నుంచి వెడల్పాటి మూతి దాకా క్రమంగా గాలిలోకి వదలడం వల్ల మామూలు స్పీకరు కంటే ఎన్నో రెట్లు తక్కువ శక్తితో దూరం వినబడుతుంది. అందులో గంభీరమైన కింది స్వరాలు రావు. మాట, సన్నాయి, ఆడగొంతు మాత్రం కిలోమీటర్లు పోతాయి.

పాటలకు గ్రామఫోను పళ్ళెం, 78 ఆర్‌పీఎం రికార్డులు. ట్రంకుపెట్టెలో గుడ్డలు చుట్టి మోసుకొచ్చిన ఆ లక్క రికార్డులు జారితే పగిలేవి, సూది అరిగితే గీతలు పడేవి. పెళ్ళింట్లో ఏ పాట ముందు, ఏది వెనక అన్న తెలివి మైకుసెట్టు మనిషిది. తెల్లవారుజామున దేవుడి పాట, భోజనాలవేళ హుషారు పాట, అప్పగింతలవేళ కళ్ళు తుడుచుకునే పాట. ఘంటసాల గొంతు పల్లెకు పరిచయమైంది ఎక్కువగా రేడియో వల్లా, సినిమా వల్లా, ఈ హారను వల్లా. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. కానీ ఇంట్లో రేడియోకు సెట్టు కొనాలి, లైసెన్సు కట్టాలి. ఆ లైసెన్సు 1985 దాకా ఉంది. మైకుసెట్టు పాట మాత్రం విన్నవాడి దగ్గర పైసా అడగలేదు.

డేరా హాల్లో అదే పెట్టె

మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. నాలుగేళ్ళకు, 1936లో, రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ స్టూడియో కట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. శబ్దం పట్టే పని గోదావరి గట్టుకు అంత తొందరగా వచ్చింది. ఆ శబ్దాన్ని పల్లెలో వినిపించిన ఘనత టూరింగ్ టాకీసుది.

డేరా హాలు ప్రొజెక్టరులో ఫిల్ము అంచున సన్నటి శబ్దపు గీత ఉంటుంది. ఒక చిన్న దీపపు వెలుగు ఆ గీత గుండా పోయి ఫొటోసెల్ మీద పడుతుంది. గీత వెడల్పు మారితే వెలుగు మారుతుంది, వెలుగు మారితే కరెంటు మారుతుంది. ఆ కరెంటు ఎంత స్వల్పమంటే దాన్ని పాటగా మార్చడానికి వాల్వు ఆంప్లిఫైయరు తప్ప మార్గం లేదు. పెద్ద హాళ్ళలో ఆర్‌సీఏ, వెస్ట్రన్ ఎలక్ట్రిక్ యంత్రాలు ఉండేవి. ఆట మొదలవబోతున్నదని చెప్పే ‘నమో వేంకటేశా’ పాట డేరా మీది హారన్లో మోగితే పొలాల మీద ఉన్నవాళ్ళు నడక వేగం పెంచేవారు.

వెస్ట్రన్ ఎలక్ట్రిక్ థియేటరు ఆంప్లిఫైయర్లను, స్పీకర్లను 1970ల నుంచి జపాన్ సేకర్తలు ప్రపంచమంతా గాలించి కొన్నారు. మాటనూ పాటనూ అంత సహజంగా పలికించిన యంత్రం మళ్ళీ రాలేదన్నది వారి నమ్మకం. మన డేరా హాళ్ళు మూతపడినప్పుడు వాటిలోని యంత్రాల విలువ చెప్పేవాళ్ళు ఊళ్ళో లేరు.

అక్కడ గిటారు, ఇక్కడ మాండలిన్

అమెరికాలో రేడియో రిపేరు కొట్టు నడిపిన లియో ఫెండర్ 1952లో బాస్‌మన్ అనే ఆంప్లిఫైయరు తెచ్చాడు. 1950ల చివర్లో వచ్చిన దాని రూపం, నాలుగు 10 అంగుళాల స్పీకర్లతో, గిటారు వాయించేవాళ్ళకు ప్రాణమైంది. లండన్‌లో డ్రమ్ముల కొట్టు ఉన్న జిమ్ మార్షల్ మనుషులు 1962లో ఆ సర్క్యూటునే ఆధారం చేసుకుని జేటీఎం45 కట్టారు. రాక్ సంగీతానికి గొంతు అక్కడి నుంచే వచ్చింది. ఈ పెట్టెలన్నీ సభల ఆంప్లిఫైయరుకు దగ్గర చుట్టాలే. వాల్వుల వరస, జంట పవర్ వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు అన్నీ ఒకే కుటుంబం.

తేడా వాడకంలో ఉంది. మైకుసెట్టు మనిషి భయపడేది ‘సౌండు పగలడం’. శక్తికి మించి పెంచితే వాల్వు సంకేతపు కొసలను నొక్కేస్తుంది. ఆ నొక్కడం ఒక్కసారిగా కాక మెల్లగా జరుగుతుంది గనుక చెవికి గరుకుగా, వెచ్చగా తగులుతుంది, మీటిన స్వరం చప్పున చావకుండా సాగుతుంది. సభలో ఇది దోషం. గిటారు వాయించేవాడికి ఇదే ధనం. అందుకే పాత ఫెండరు, పాత మార్షలు ధర నేటికీ తగ్గలేదు.

తెలుగునాట కూడా ఎలక్ట్రిక్ తీగవాద్యానికి గొప్ప కథ ఉంది. అది పుట్టింది డెల్టాలోనే. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ, 1998లో పద్మశ్రీ.

మామూలు మాండలిన్ స్వరం మీటగానే పుట్టి వెంటనే తగ్గిపోతుంది. కర్ణాటక రాగానికి గమకం కావాలి, స్వరం నిలబడి ఊగాలి. శ్రీనివాస్ జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. పికప్, ఆంప్లిఫైయరు కలిసి స్వరానికి ఆయుష్షు పోశాయి. ఆంప్లిఫైయరు లేకపోతే ఈ వాద్యం కచేరీ వేదిక మీద ప్రధాన స్థానానికి ఎక్కేది కాదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కుర్రతనంలో నడిపిన లలిత సంగీత బృందంలో ఇళయరాజా, గంగై అమరన్ గిటారు పట్టినదీ మైకుసెట్టు కాలపు కథే. మన గిటారు, మన మాండలిన్ పెరిగిన వేదికలు మైకుసెట్టు వేసిన వేదికలు.

ట్రాన్సిస్టరు దెబ్బ

1947 డిసెంబరులో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టరు పుట్టింది. దాని సెగ మన మైకు కొట్టుకు తగలడానికి పాతికేళ్ళు పట్టింది. 2ఎన్3055 వంటి సిలికాన్ పవర్ ట్రాన్సిస్టర్లు చవగ్గా దొరకడం మొదలయ్యాక లెక్క మారిపోయింది. 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే చాలు, వైబ్రేటరు అక్కర్లేదు. బరువు సగానికి తగ్గింది. స్విచ్చు వేయగానే మోగుతుంది, ఎడ్లబండి కుదుపులకు గాజు పగిలే భయం లేదు. 1982లో ఎన్.టి. రామారావు చైతన్యరథం ఊళ్ళు తిరిగేనాటికి, క్యాసెట్టు పెళ్ళిపందిట్లోకి వచ్చేనాటికి, బల్బుల ఆంప్లీ అటకెక్కింది. ఆ తర్వాత డీజే బాక్సులొచ్చాయి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరును కట్టడి చేశాయి. తెల్లవార్లూ మోగిన నాటకాల కాలం చట్టరీత్యా కూడా ముగిసింది.

పాత సెట్టు ఎంచుకునేవారికి

ఇప్పటికీ ఈ పెట్టెలు దొరికే చోట్లు ఉన్నాయి. పాత సౌండు సర్వీసుల అటకలు, మూతపడిన హాళ్ళ ప్రొజెక్టరు గదులు, భజనమందిరాలు, పాత చర్చిలు, రేడియో మెకానిక్కుల ఇళ్ళు, చివరికి ఇనుప కొట్లు. ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది వాల్వులు కాదు, ట్రాన్స్‌ఫార్మర్లు. వాల్వు ఇవాళ కూడా రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో కొత్తది తయారవుతోంది. కాలిపోయిన అసలు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును తిరిగి చుట్టడం కష్టం, చుట్టినా పాత గొంతు రావడం అనుమానం. తర్వాత నేమ్‌ప్లేటు, నాబులు, వెనక ఉన్న 4, 8, 16 ఓముల, 100 వోల్టుల టెర్మినళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయేమో చూడాలి. లోపల సోల్డరు పాతదైతే మంచిదే, తర్వాతివాళ్ళు ఎక్కువ చేయి పెట్టలేదని అర్థం.

దొరికిన సంబరంలో ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయడం పెద్ద తప్పు. దశాబ్దాలు కదలకుండా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా వోల్టేజి పడితే అవి పేలవచ్చు, పవర్ ట్రాన్స్‌ఫార్మరును వెంట తీసుకుపోవచ్చు. కాగితపు కండెన్సర్లు లీకై పవర్ వాల్వును కాల్చేస్తాయి. ఇవి రెండూ మార్చక తప్పదు. మార్చినా పాత సామాన్లను కవర్లో వేసి పెట్టెతోపాటు ఉంచాలి. సిరీస్ బల్బు గుండానో, వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచే వేరియాక్‌తోనో మొదటిసారి ప్రాణం పోయాలి. లోపల 300 నుంచి 450 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసేశాక కూడా కండెన్సర్లో నిలిచి ఉంటాయి. వాల్వు పని తెలిసిన మెకానిక్ లేకుండా మూత విప్పకూడదు. రెండు పిన్నుల పాత వైరు తీసి ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వేయించాలి.

గిటారు వాయించే కుర్రవాళ్ళు కొందరు పాత మైకు ఆంప్లీని గిటారుకు మార్చుకుంటున్నారు. పనిచేయని పెట్టెను అలా బతికించడంలో తప్పు లేదు. నిండుగా ఉన్న పాత సెట్టును కోసి మార్చడం మాత్రం తగదు. వాల్వులు పీక్కుని విదేశాలకు అమ్మి, పెట్టెను తుక్కుకు వేయడం అంతకన్నా అన్యాయం. ఒక్కో వాల్వు కొద్ది రూపాయలు తెస్తుంది, పెట్టె మొత్తంగా ఒక తాలూకా వినికిడి చరిత్ర.

రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు పేరిట ప్రభుత్వ మ్యూజియం ఉంది. శిల్పాలు, నాణేలు దాచిన ఆ ఊళ్ళోనే గోదావరి శబ్దానికి కూడా ఒక గది కావాలి. ఒక బల్బుల ఆంప్లీ, ఒక వైబ్రేటరు, ఒక రేకు హారను, ఒక డేరా హాలు ప్రొజెక్టరు చాలు మొదలుపెట్టడానికి. జంగారెడ్డిగూడెం నుంచి నరసాపురం దాకా ఎవరి అటక మీదనైనా అలాంటి పెట్టె ఉంటే తుక్కుకు వేయకండి. ఏ ఊళ్ళో, ఏ పెళ్ళికి, ఏ నాటకానికి మోగిందో ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి. ఆ సెట్టు మోసినవాళ్ళు, కట్టినవాళ్ళు, దాని ముందు నిలబడి పద్యం పాడినవాళ్ళు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్ళు చెప్పగలిగిన రోజుల్లోనే ఈ పని జరగాలి.